అనంతమును సగము చేయుట

చిన్న తరగతులలో మనము నేర్చిన నియమములలో నొకటి యిది: రెండు రాశుల రెట్టింపులు సమానములైనచో ఆ రాశులును సమానములే. రాముని గంపలోని మామిడిపండ్ల రెట్టింపును, సోముని గంపలోని పండ్ల రెట్టింపును సమానములైనచో, రెండు గంపలలోను పండ్లు సమానముగానే యున్నవని చెప్పుట కెవ్వరును సంశయింపరు. పండ్లు పదియైనను పదివేలైనను ఇందు భేదము లేదు. కాని ఆ రాశులకు అంతమే లేనిచో ఈ నియమము నిలుచునా? నిలుచును. అయితే దానిని చక్కగా నిరూపించుటకు ఒక చమత్కారము కావలసివచ్చినది. ఆ నిరూపణమును మన పాఠశాల విద్యార్థి యెవడైనను బీజగణితము లేకయే అనుసరింపవచ్చును. దానిని వివరించుటయే ఈ వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము. అంతకు ముందు కొన్ని మాటలు చెప్పక తప్పదు.

అంతులేని రాశులను గూర్చి పలుకునపుడు "సమానము" అను మాటకు అర్థమేమి? లెక్క తెలియని గొల్లవాడు ఉదయమున మందను తోలునపుడు గొఱ్ఱె కొక గులకరాయి చొప్పున సంచిలో వేసికొనును. సాయంకాలమున గొఱ్ఱె దొడ్డిలో దూరిన కొలది ఒక్కొక్క రాతిని తీసివేయును. రాళ్లును గొఱ్ఱెలును ఒక్కమాఱే ముగిసినచో మంద క్షేమము. వానికి సంఖ్యల పేర్లు తెలియవు. అయినను రెండు రాశులు సమానములని వాడెఱుగును. జర్మనీ దేశపు గణితజ్ఞుడు గేయోర్గ్ కాంటర్ (1845-1918) ఈ గొల్లవాని పద్ధతినే అనంత సమితులకును వర్తింపజేసెను. ఒక సమితిలోని ప్రతి వస్తువునకును రెండవ సమితిలోని ఒక్కొక్క వస్తువును, ఏదియు మిగులకుండ, ఏదియు రెండుమాఱులు రాకుండ జోడింపగలిగినచో, ఆ రెండు సమితులును సమపరిమాణము గలవని చెప్పుదుము.

ఈ కొలతతో చూచినచో వింతలు కనబడును. 1, 2, 3, 4 మొదలగు సంఖ్యలకు వరుసగా 2, 4, 6, 8 మొదలగు సరిసంఖ్యలను జోడింపవచ్చును గాన, బేసిసంఖ్యల నన్నిటిని తీసివేసినను మొత్తము తఱుగలేదన్నమాట. ఒక వస్తువును చేర్చినను పెరుగదు. కావున అనంతముల విషయమున తీసివేత నమ్మదగినది కాదు. ఒకటి చేర్చినను, సున్న చేర్చినను ఫలిత మొక్కటియే యగుచున్నది. అంతమాత్రమున ఒకటియు సున్నయు సమానములు కావు గదా. అట్లని అనంతము లన్నియు నొక్కటియే యనుకొనరాదు. గీతమీది బిందువుల నన్నిటిని ఒకటవది, రెండవది, మూడవది అని వరుస పెట్టజాలమని కాంటరు 1874లో చూపెను. ఏ సమితికైనను దాని ఉపసమితుల సమితి పెద్దదగునని ఆతడే 1891లో వెల్లడించిన పద్ధతి వలన తెలియుచున్నది. తీసివేత చెడినచోట భాగహారము మాత్రము నిలుచుట యెట్లు అని చదువరులు ఆశ్చర్యపడవలసినదే.

ఇక ఎంపిక సంగతి. ఇంగ్లండు దేశపు తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ దీనికి ప్రసిద్ధమైన దృష్టాంత మొకటి చెప్పెను. ఒక ధనికునియొద్ద అంతులేనన్ని బూట్ల జతలును, అంతులేనన్ని మేజోళ్ల జతలును కలవు. ప్రతి బూట్ల జతనుండియు ఒక్కొక్క బూటును తీయుమని సేవకునకు చెప్పవలెననిన, "ఎడమకాలి బూటును తీయుము" అను ఒక్క ఆజ్ఞ చాలును. జతలెన్ని యున్నను ఆ యొక్క మాటయే అన్నిటికిని సరిపడును. మేజోళ్ల కట్లు కాదు. వానికి కుడి యెడమలు లేవు. ఒక్క జత యెదుట నున్నచో ఏదో యొకటి తీయవచ్చును. పది జతలైనను పదిమాఱులు తీయవచ్చును. అంతులేని జతల విషయమున మాత్రము ఏది తీయవలెనో తెలుపు నియమ మొకటి కావలెను. ఆ నియమమును మాటలతో చెప్పుటకు ఆధారము లేదు. (నిజమైన మేజోళ్లైనచో ఒకదానిపై మరక యైనను చిరుగైనను ఉండకపోదని ఆక్షేపింపవచ్చును. ఆ మరకయే కుడి యెడమల పని చేయును. దృష్టాంతమునందలి మేజోళ్లకు అట్టి గుఱుతేదియు లేదని యనుకొనవలెను.)

చెప్పుటకు నియమము లేకున్నను అట్టి ఎంపిక యొకటి ఉన్నదని ఒప్పుకొందము అనునదే ఎంపిక స్వీకృతము. దీనిని ఎర్న్‌స్ట్ జెర్మెలో 1904లో స్పష్టముగా వాడెను. అంతకు ముందు గణితజ్ఞులు తమకు తెలియకయే దీనిని వాడుచు వచ్చిరి. దీని నంగీకరించినచో అనంతముల లెక్క మిక్కిలి సులభమగును. ఏ రెండు సమితులను తీసికొన్నను ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, లేదా రెండును సమానములు. ఏ అనంతమైనను తన రెట్టింపునకు సమానము; తన వర్గమునకును సమానము. రెండు అనంతములను కూడినను గుణించినను, పెద్దది చిన్నదానిని మ్రింగివేయును. ఇక సగము చేయుట యన నేమున్నది? రెట్టింపును రాశియు నొక్కటియే గాన, రెట్టింపులు సమానములైనచో రాశులును సమానములు. ఒక్క వాక్యములో ముగిసిపోయినది. నిజము చెప్పవలెననిన ఇట్టి లెక్కలో రుచి తక్కువ.

ఈ సులభ నియమములకు మనము చెల్లించు వెల యెంత యన్నది తరువాత తెలిసినది. ఏ రెండు సమితులనైనను పోల్చవచ్చునను నియమము నుండియే ఎంపిక స్వీకృతము సిద్ధించునని ఫ్రీడ్రిఖ్ హార్టోగ్స్ 1915లో చూపెను. ప్రతి అనంతమును తన వర్గమునకు సమానమను నియమమునుండియు అదియే సిద్ధించునని పోలండు దేశస్థుడు ఆల్‌ఫ్రెడ్ టార్‌స్కీ 1924లో ప్రకటించెను. అనగా ఆ నియమములు ఎంపిక స్వీకృతమునకు మాఱు రూపములే. టార్‌స్కీ ఈ ఫలితమును ఫ్రాన్సు దేశపు పత్రిక కొకదానికి పంపగా, ఫ్రెషే అను పండితుడు "తెలిసిన రెండు సత్యములలో ఒకటి రెండవదానినుండి వచ్చుట క్రొత్త ఫలితము కాదు" అనియు, లెబేగ్ అను పండితుడు "రెండు అసత్యముల నడుమ సంబంధము చూపుట వలన ప్రయోజనము లేదు" అనియు త్రిప్పి పంపిరని గణితజ్ఞులు చెప్పుకొందురు. ఒకరికి సత్యముగా తోచినది మఱియొకరికి అసత్యముగా తోచిన కాలమది. ప్రతి అనంతమును తన రెట్టింపునకు సమానమను నియమము మాత్రము ఇంతకంటె బలహీనమైనది. దానినుండి ఎంపిక స్వీకృతము రాదని సగీవ్ అనునాతడు 1975లో చూపెను.

సమితిశాస్త్రపు తక్కిన స్వీకృతములలో పరస్పర విరోధము లేనిచో, వానితో ఎంపిక స్వీకృతమును ఖండింపజాలమని కుర్ట్ గేడెల్ 1938లోను, వానితో దానిని నిరూపింపజాలమని అమెరికా దేశస్థుడు పాల్ కోహెన్ 1963లోను స్థాపించిరి. కోహెన్ కల్పించిన గణితలోకములో నొక విచిత్రమైన సమితి కలదు. అది అనంతమైనది, కాని దానిలోనుండి ఒకటవది, రెండవది, మూడవది అని తీయుచు అంతులేని వరుసను కూర్చజాలము. దానికి ఒక్క వస్తువును చేర్చినచో పరిమాణము పెరుగును. దాని రెట్టింపు దానికంటె నిజముగా పెద్దది. అంతులేనిదయ్యును లెక్కలో మన మామిడిపండ్ల గంపవలెనే ప్రవర్తించు నీ సమితి విషయమున, "రెట్టింపు రాశితో సమానము" అను అడ్డదారి మూసికొనిపోయినది. కావున రెట్టింపులు సమానములైనచో రాశులు సమానములా యను ప్రశ్న ఇచ్చట సజీవమైన ప్రశ్న.

భాగించుట యెంత ప్రమాదకరమో తెలుపుటకు మఱియొక సంగతి చెప్పెదను. గీతమీది బిందువులను గుంపులుగా విభజింపుము. రెండు బిందువుల నడుమ దూరము భిన్నసంఖ్య యైనచో అవి ఒకే గుంపులోనివని యనుకొనుము. రాబర్ట్ సోలోవే 1970లో ప్రచురించిన గణితలోకములో ఎంపిక స్వీకృతము పూర్తిగా చెల్లదు; అందు ఈ గుంపుల సమితి బిందువుల సమితికంటె పెద్దదగును. వస్తువులకంటె వానిని పోసిన కుప్పలే హెచ్చన్నమాట! ఎంపికను వదలుకొన్నవారికి వింతలు తప్పునని తలచుట పొరపాటు.

ఇట్టి ప్రదేశమున సగము చేయు నియమము నిలుచుటయే ఆశ్చర్యము. దీనిని మొదట నిరూపించినవాడు ఫెలిక్స్ బెర్న్‌స్టైన్. 1901లో గెట్టింగెన్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసములో ఆతడు దీనిని చేర్చెను. అది 1905లో అచ్చయినది. ఆతని మార్గము కఠినమైనది. నేనిచ్చట చెప్పబోవునది జాన్ కాన్వే, పీటర్ డాయిల్ అనువారు చూపిన తెన్నున నడచునది. బాలుర వేషము మాత్రము నాది.

అంతులేనంతమంది బాలురు రెండు పక్షములుగా నున్నారని యూహింపుము. ఒక పక్షమువారికి ఎఱ్ఱ తలపాగాలు, రెండవ పక్షమువారికి తెల్ల తలపాగాలు. ప్రతి బాలునకు కుడిచేయి యొకటి, ఎడమచేయి యొకటి కలవు గాన, ఒక పక్షపు చేతుల సమితి ఆ పక్షపు రెట్టింపు. రెట్టింపులు సమానములనుటకు అర్థమిది: ఎఱ్ఱవారి ప్రతి చేయియు తెల్లవారి చేతి నొకదానిని పట్టుకొనియున్నది, ఏ చేయియు ఖాళీగా లేదు. ఇప్పుడు ఎఱ్ఱవారికిని తెల్లవారికిని ఒకరికొకరిని జోడింపవలెను. ఎవరును మిగులరాదు, ఎంపిక చేయరాదు.

ఒక బాలుని పట్టుకొని వాని కుడిచేతి వెంట నడువుము. ఆ చేతిని పట్టినవాని రెండవ చేతి వెంట మఱల నడువుము. ఇట్లు పోవగా, బయలుదేరిన బాలునియొద్దకే తిరిగి వచ్చినచో వారందఱును ఒక వలయము. ఎన్నటికిని రానిచో ఇరువైపులను అంతులేని గొలుసు. వలయములోనైనను గొలుసులోనైనను ఎఱ్ఱ, తెల్ల, ఎఱ్ఱ, తెల్ల అని తలపాగాలు మార్చి మార్చి వచ్చుచుండును. ఒక్క గొలుసును మాత్రమే చూచినచో పని సులభము: ఒక దిశను నిర్ణయించి, ప్రతి ఎఱ్ఱవానికిని ఆ దిశయందు ప్రక్కనున్న తెల్లవానిని జోడింపవచ్చును. కాని ఏ దిశ? ప్రతి గొలుసునకును రెండు దిశలు కలవు. గొలుసులు అంతులేనన్ని యుండవచ్చును. గొలుసు కొక దిశ చొప్పున నిర్ణయించుట యనగా జత కొక మేజోడు చొప్పున తీయుటయే. ఎంపిక దొడ్డిదారిన ఇంట దూరినది. దానిని వెళ్లగొట్టవలెను.

అందులకు ఒకే యొక ఆజ్ఞ చాలును: "కుడిచేతితో కుడిచేతిని పట్టుకొన్నవారు జోడుగా నేర్పడి వరుసనుండి తొలగుడు." అట్టి ఇద్దఱు ప్రక్కప్రక్కవారే గాన ఒకడు ఎఱ్ఱవాడు, ఒకడు తెల్లవాడు. వారు తొలగగా ఇరువైపులను మిగిలినవారు దగ్గరకు జరిగి, ఖాళీయైన చేతులను కలుపుకొందురు. రంగులు మార్చి మార్చి వచ్చుట చెడదు. మఱల అదే ఆజ్ఞ. మఱల జరుగుట. ఇట్లు అంతులేకుండ సాగనిమ్ము. ప్రతివానికి కుడిచేయి ఒక్కటియే గాన, ఎవడును ఇద్దఱితో జోడుపడుట సంభవింపదు. ఆజ్ఞలో తూర్పు పడమరల మాట లేదు. గొలుసును ఈ కొననుండి చూచినను ఆ కొననుండి చూచినను ఏర్పడు జోళ్లు అవియే. ఇది యీ నిరూపణమునకు ప్రాణము.

తుదకు ఒక గొలుసులోగాని వలయములోగాని ఎవరును మిగులనిచో జోడింపు ముగిసినది. కొందఱు ఎన్నటికిని తొలగక మిగిలిరనుకొనుము. వారిలో ప్రక్కప్రక్కనున్న ఇద్దఱి కుడిచేతులు ఒకదాని కొకటి ఎదురుగా నుండజాలవు. ఉన్నచో వారి నడుమనున్న కొద్దిమంది తొలగిన పిమ్మట వారును జోడై తొలగియుండెడివారే. కావున రెండే తీరులు. మొదటిది: మిగిలినవారి కుడిచేతులన్నియు ఒకే వైపునకు చూపుచుండును. అప్పుడు దిశ మనకు దొరకినది. ఆ గొలుసులో ముందేర్పడిన జోళ్లను విడదీసి అందఱిని యథాస్థానములలో నిలిపి, ప్రతి ఎఱ్ఱవానికిని ఆ దిశయందు ప్రక్కనున్న తెల్లవానిని జోడింపుము. రెండవది: గొలుసులో ఒక చోటు వఱకు కుడిచేతులు ఒకవైపునకును, ఆ చోటు దాటినంతనే రెండవ వైపునకును చూపుచుండును. వలయములో నిది సంభవింపదు. గొలుసులోను అట్టి చోటు ఒక్కటియే యుండును. ఆ చోట ఎడమచేతులు ఎదురెదురుగా నున్నవారు ఇద్దఱు. వారిలో ఎఱ్ఱవాడు ఒక్కడే. వాని కుడిచేయి చూపు వైపే మన దిశ. మిగిలిన పని మొదటి తీరుననే.

నిరూపణము ముగిసినది. అంతులేనన్ని గొలుసులున్నను ఎచ్చటను "ఏదో యొకటి" అను మాట రాలేదని చదువరులు మఱియొకమాఱు వెనుకకు పోయి పరీక్షించుకొనవలెను. ప్రతి బాలునకు కుడి యెడమల భేదముండుటయే మనలను రక్షించినది.

ఆ భేదము లేనిచో నేమగునో చూడుము. 1, 2, 3 అని అంతులేక సాగు ఇండ్ల వరుస కలదు. ప్రతి యింటను ఎవ్వరును భేదము కనుగొనజాలని కవలపిల్లలు ఇద్దఱు. ప్రతి యింటి వాకిటను కుడిస్తంభ మొకటి, ఎడమస్తంభ మొకటి. కవలలు ఇద్దఱును తమ కుడిచేతులను కుడిస్తంభముపైనను, ఎడమచేతులను ఎడమస్తంభముపైనను వేసిరి. ప్రతి పిల్లవానికి రెండు చేతులు. ప్రతి స్తంభముపైనను రెండు చేతులు. పిల్లలు స్తంభములతో సమానమని తోచును గదా! కాని ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క స్తంభమును జోడింపుమనిన, ప్రతి యింటను కుడిస్తంభము ఏ కవల కీయవలెనో తేల్చవలసివచ్చును. స్తంభమునకు కుడి యెడమచేతులు లేవు. దానిపైనున్న రెండు చేతులును మేజోళ్ల జతవంటివి. స్తంభములను లెక్కించి వరుస పెట్టవచ్చును. కవలలను వరుస పెట్టుటకు ఎంపిక కావలెను. ఇట్టి జతలనుండి ఒక్కొక్కటి తీయుట సాధ్యము కాని లోకమును, సమితులు కాని మూలవస్తువులను గూడ అంగీకరించి, అబ్రహాం ఫ్రెంకెల్ 1922లోనే కల్పించెను. బాలుర నిరూపణమునకును కవలల వైఫల్యమునకును నడుమనున్న దూరము ఒక్క కుడిచేయి మాత్రమే.

రెండుతో భాగింపగలిగినవారము నాలుగుతోను, ఎనిమిదితోను భాగింపవచ్చును. సగమును మఱల సగము చేసిన చాలును. మూడుతో భాగించుట మాత్రము వేఱు పని. ప్రతి బాలునకు మూడేసి చేతులున్నచో వారు గొలుసులుగా నేర్పడరు. కొమ్మలు చీలి చిక్కుపడిన వలయగును. వార్సా నగరవాసియగు అడాల్ఫ్ లిండెన్‌బౌమ్ ఈ చిక్కును విప్పెనని 1926లో ఆతడును టార్‌స్కీయు కలసి ప్రచురించిన వ్యాసములో నున్నది. ఆ వ్యాసములో అనేక సిద్ధాంతములు నిరూపణములు లేకయే చెప్పబడినవి. ఇదియు వానిలో నొకటి. పిమ్మట యుద్ధము వచ్చెను. టార్‌స్కీ 1939లో అమెరికాలో నుండుటచే బ్రదికెను. యూదుడగు లిండెన్‌బౌమును 1941లో నాజీలు చంపిరి. ఆతని నిరూపణము ఎచ్చటను వ్రాతలో మిగులలేదు. టార్‌స్కీకిని జ్ఞప్తికి రాలేదు. ఆతడు వేఱొక మార్గమును కనుగొని, 1949లో మూడునకే గాక ఏ పరిమిత సంఖ్యకైనను చెల్లు నిరూపణమును ప్రచురించెను. 1994లో కాన్వే, డాయిల్ అనువారు మూడుతో భాగించుటకు మఱియొక నిరూపణమును వ్రాసి, లిండెన్‌బౌము నడచిన దారి యిదియే యైయుండునని అందులోనే వాదించిరి.